ఫహాహీల్‌లో జ్ఞానప్రసూన క్లాసు

జ్ఞానప్రసూన మేడమ్ అంటే మొదట్లో నాకు ఒళ్లు మంట. ఈ సంగతి ఆవిడకూ తెలుసు, నేను మనసులో దాచుకునే మనిషిని కాను. నా పేరు ముబీనా. రాయచోటి దూదేకుల ఇంటి పిల్లను. కువైట్‌లోని ఫహాహీల్‌లో మేమున్న గదిలోనే మిషను పెట్టుకుని ఆడవాళ్ల బట్టలు కుట్టేదాన్ని. మా ఆయన ఖాజావలి అల్ రాయ్‌లో కార్ల మెకానిక్కు. అదే బిల్డింగులో రెండో అంతస్తు మేడమ్ వాళ్లది. వాళ్లది విజయవాడ, భర్త సుబ్రహ్మణ్యం గారు చమురు కంపెనీలో ఇంజినీరు.

నేను జాకెట్లు కుట్టి తీసుకెళ్తే ఆవిడ తొడుక్కుని, అద్దం ముందు నిలబడి, కళ్లు మూసుకుని గాలి పీల్చి చూసేది. "చంక దగ్గర బిగుతమ్మా ముబీనా, ఊపిరి సగంలో ఆగిపోతోంది" అనేది. నేను మళ్లీ విప్పి కుట్టేదాన్ని. శుక్రవారం పొద్దున్న ఇంజినీర్ల భార్యలంతా కార్లలో దిగి ఆవిడ హాల్లో చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లు. యోగా అట. మనసు కుదుటపడడానికట. ఏసీ గదిలో కూర్చుని గాలి పీల్చుకోవడం కూడా ఒకరు నేర్పాలా, వీళ్లకు పనీపాటా లేక గానీ అని గుమ్మం దగ్గర జాకెట్ల సంచితో నిలబడి నవ్వుకునేదాన్ని.

1990 ఆగస్టు రెండో తేదీ తెల్లారేసరికి నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. సముద్రం పక్క రోడ్డు మీద బస్సులు తిరగాల్సిన చోట ఇరాక్ ట్యాంకులు తిరుగుతున్నాయి. ముందు రోజు సాయంత్రం నేను దారం ఉండలు కొనుక్కొచ్చిన కొట్టును సైనికులు నా కళ్ల ముందే ఊడ్చేశారు. గోడకున్న ఫ్యాను కూడా వదల్లేదు, పీక్కుని పోయారు. ఒక దేశం ఒక్క పూటలో లేకుండా పోతుందా? పోయింది. మా ఆయన అల్ రాయ్ నుంచి నడిచి ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండా గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నేను ఏదో ఒకటి చేయాలని మిషను మీద కూర్చున్నాను. లేచి చూస్తే జాకెట్టు చేతిని మెడకు పెట్టి కుట్టేశాను. విప్పి, మళ్లీ అలాగే కుట్టాను.

మా వరుసలో మిగతావాళ్ల పరిస్థితీ అంతే. పక్క గదిలో రాజంపేట గంగులమ్మ ఉండేది. వయసులో మా అందరికీ పెద్ద, బడిలో ఆయాగా చేసేది. కడిగిన గిన్నెనే పొద్దంతా కడుగుతూ కూర్చుంది. ఎదురు గదిలో నయీమ్ భార్య జకియా, కొత్త పెళ్లికూతురు. హైదరాబాద్ వాళ్ల పిల్లే గానీ పుట్టింది పెరిగింది కువైట్‌లోనే. ఎక్కడ తుపాకీ పేలినా ఈ పిల్ల పకపకా నవ్వేది. ఆపుకోలేక నవ్వి నవ్వి కడుపు పట్టుకుని కూలబడేది. ఆ నవ్వు వింటే తుపాకీ కంటే ఎక్కువ భయం వేసేది నాకు.

అలాంటి రోజుల్లో మేడమ్ కిందికి దిగి వచ్చింది. అంతకుముందు ఎన్నడూ మా వరండాలో అడుగు పెట్టలేదు. ఆవిడ పాత శిష్యురాళ్లంతా కంపెనీ ఇళ్లకు సర్దుకున్నారు. మొగుడు డ్యూటీలో ఇరుక్కుపోయాడు. నా చేతిలో ఉన్న ఆ దిక్కుమాలిన జాకెట్టు చూసింది, గంగులమ్మ గిన్నె చూసింది, జకియా నవ్వు విన్నది.

"ముగ్గురూ పైకి రండి" అంది.

"ఎందుకు మేడమ్? మాకు యోగాలు గీగాలు అక్కర్లే. బతికుంటే సాలు" అన్నాను.

"బతికుండటానికే రమ్మంటున్నాను. నడువు."

వెళ్లాం. ఆవిడ మమ్మల్ని చాపల మీద కూర్చోబెట్టి, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా తన కథ చెప్పింది. తొలి కాన్పులో బిడ్డ పోయిందట. ఆ తర్వాత నెలల తరబడి నిద్ర లేదట. గోడలకేసి తల కొట్టుకుంటుంటే విజయవాడలో ఒక ముసలి డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఊపిరి మీద ధ్యాస పెట్టడం నేర్పిందట. "నాకు తెలిసిన వైద్యం అదొక్కటే. యుద్ధానికి మందు నా దగ్గర లేదు. రాత్రి మీరు కాస్త నిద్రపోయే ఉపాయం ఉంది" అంది. మేము నోళ్లు వెళ్లబెట్టి విన్నాం. రెండో అంతస్తు మనిషికి ఇంత ఏడుపు ఉందని నాకేం తెలుసు!

గొడవ పెట్టకుండా నేర్చుకుంటే నేను ముబీనానే కాదు. "ఓం అనమంటే మేము అనం" అన్నాను. "అనొద్దు. నోరు మూసుకుని తేనెటీగలాగా మ్... అను. దానికి మతం లేదు" అంది. చివర్లో వెల్లకిలా పడుకోమని, దాన్ని శవాసనం అంటారని చెప్పింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఊరు ఊరంతా శవాలు లేస్తాంటే, మళ్లా మేమూ శవాల మాదిరి పడుకోవల్లా?"

ఆవిడ నా మొహం చూసింది. "నిజమే. ఆ పేరు వద్దు. విశ్రాంతి అందాం" అంది. ఆ పూట గంగులమ్మ విశ్రాంతిలోనే గుర్రుపెట్టి నిద్రపోయింది. జకియా నవ్వు ఆగి ఏడుపు మొదలైంది. ఏడవనీ, అదే మంచిది అని మేడమ్ ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకుంది. నేను కిందికొచ్చి జాకెట్టు చేతిని చేతి దగ్గరే కుట్టాను. ఇక రోజూ సాయంత్రం పోయేవాళ్లం.

ఆ నెల చివర్లో బుడేన్‌బీ వచ్చింది. మా చిన్నమ్మ కూతురు, సల్వాలో ఒక కువైటీ ఇంట్లో ఏడేళ్లుగా పనిమనిషి. దాని వెంట ముఖం మీదికి కొంగు లాక్కున్న ఇంకొకామె. "పేరు హసీనా అక్కా. మనూరి పక్క పిల్లే. పుట్టు మూగది. పక్కింట్లో పనిజేస్తాన్నింది, ఆ ఇంటోళ్లు సౌదీకి పారిపోయినారు. యాడికి పోతాది పాపం" అంది. నేను నమ్మాను. ఉన్న గదిలోనే కర్టెన్ కట్టి ఇద్దరికీ చోటిచ్చాను. క్లాసుకూ తీసుకెళ్లాను.

మూగ హసీనా క్లాసులో అందరికంటే బాగా చేసేది. తేనెటీగ పలుకు కూడా చక్కగా పలికింది. "గొంతు లేకుంటే మాత్రమేం, శ్వాస ఉందిగా" అని మేడమ్ మురిసిపోయింది. ఒకరోజు విశ్రాంతిలో అందరం కళ్లు మూసుకుని ఉండగా నా పక్కన వెక్కిళ్లు వినిపించాయి. ఆ వెంటనే మాటలు. అచ్చమైన కువైటీ అరబ్బీ. "ఫహద్... ఎక్కడున్నావ్ ఫహద్... ఇంటికి రా..."

నేను దిగ్గున లేచి కూర్చున్నాను. గంగులమ్మ లేచింది, జకియా లేచింది. మూగది మాట్లాడుతోంది! చాప మీద పడుకుని, కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతుండగా, ఎవరినో పిలుస్తోంది.

బుడేన్‌బీ నా కాళ్ల మీద పడింది. "మా మామా అక్కా! నా యజమానురాలు. ఈయమ్మ మొగుడు మిలిటరీ ఆఫీసరు. ఆ పొద్దు పోయినోడు మళ్లా రాలే. ఆయనొస్తాడని ఇల్లు వదల్లే. ఇరాకోళ్లు ఇల్లిల్లూ దూరి ఆఫీసర్ల పెండ్లాలను పట్టకపోతాండారు. నా చీర కట్టించి తోడుకొచ్చినా. నన్ను కొట్టు, సంపు, ఈయమ్మను మాత్రం బయటికి తరమొద్దక్కా."

"నీ మొహం మండ! మాకందరికీ ఉరి తెచ్చి మెడలో ఏసి, ఇప్పుడు కాళ్లు పట్టుకుంటావా?" అని అరిచాను. కువైటీ సైనికులవాళ్లను దాచారని తెలిస్తే ఆ ఇంటి వాకిట్లోనే కాల్చేస్తున్నారని ఫహాహీల్ అంతా చెప్పుకుంటున్నారు అప్పటికే. జకియా మేడమ్ చెయ్యి పట్టుకుంది. "గామెను పంపెయ్యండి మేడమ్. నయీమ్‌ని గూడ సంపుతరు. నాకు భయమైతుంది."

ఆ కువైటీ మామాకు తెలుగు రాదు. కానీ ఎవరి గురించి మాట్లాడుతున్నామో తెలియదా? గోడకు ఆనుకుని, మా మొహాలు ఒక్కొక్కటే చూస్తూ కూర్చుంది.

మేడమ్ లేచి తలుపు గడియ పెట్టి వచ్చింది. తర్వాత అంది, "నేను ఈవిడని పంపను. ఈ హాల్లోకి వచ్చినవాళ్లెవరూ నాకు కువైటీలు కారు, ఇండియన్లు కారు, నిద్ర లేనివాళ్లు. ఇష్టం లేనివాళ్లు రేపట్నుంచి రావద్దు. నేనేమీ అనుకోను."

మర్నాడు వెళ్లకూడదనే అనుకున్నాను. వెళ్లాను. కోపం ఇంకా మిగిలి ఉంది, అది చూపించాలిగా! చూస్తే గంగులమ్మ నాకంటే ముందే వచ్చి, మామాకు చీర కుచ్చిళ్లు దోపుకోవడం నేర్పుతోంది. జకియా కూడా వచ్చింది, మామా వైపు వీపు పెట్టి కూర్చుంది. ఆ రోజు నుంచి మేడమ్ ఆమెకు ఒక్కటే పాఠం మళ్లీ మళ్లీ చెప్పింది. నేను అరబ్బీలోకి మార్చేదాన్ని: పడుకున్నాక ఏం వినబడినా కదలకు, కన్ను తెరవకు, నీ ఊపిరి తప్ప నీకింకేమీ అక్కర్లేదు. తలుపు దబదబా బాదినట్టు బాది, గిన్నెలు ఎత్తి పడేసి పరీక్ష పెట్టేది. మేమంతా ఉలిక్కిపడేవాళ్లం. మామా నేర్చుకుంది.

సెప్టెంబరులో ఒక సాయంత్రం నిజంగానే తలుపు బాదారు.

మేము అప్పుడే పడుకుని ఉన్నాం. "ఎవరూ లేవద్దు" అంది మేడమ్. వెళ్లి తలుపు తీసింది. బూట్ల చప్పుడు. ఇంగ్లీషులో మేడమ్ గొంతు వినిపించింది. వీళ్లు పేషంట్లు, భయంతో జబ్బు పడ్డారు, వైద్యం జరుగుతోంది అని చెబుతోంది. ఆ గొంతులో వణుకు లేదు. నా గుండె మాత్రం చాప కింద నేలకు తగులుతున్నట్టుంది. బూట్లు మా మధ్య నుంచి నడిచాయి. ఒక జత నా తల దగ్గర ఆగింది. ఆఫీసరు కాబోలు, పక్కన నిలబడిన మనిషితో అరబ్బీలో ఏదో గొణిగాడు.

ఉన్నట్టుండి వాడు అరబ్బీలో గొంతు చించుకుని అరిచాడు. "నిప్పు! గదికి నిప్పంటుకుంది!"

లేచాం. నేను లేచాను, గంగులమ్మ లేచింది, బుడేన్‌బీ లేచింది. కువైటీ ఇళ్లలో, బడుల్లో, బజార్లలో ఏళ్ల తరబడి ఆ భాషలో పిలిపించుకుని, తిట్టించుకుని బతికిన చెవులు ఊరుకుంటాయా? జకియా అయితే అందరికంటే ఎగిరి లేచి, "ఎక్కడ? ఎక్కడ?" అని అరబ్బీలోనే కేక పెట్టింది. ఇక్కడే పుట్టిన పిల్ల, అచ్చం కువైటీ యాస. పైగా తెల్లటి ఒళ్లు. కదలనిది ఒక్క మామానే. చెప్పిన పాఠం చెప్పినట్టు, ఊపిరి తప్ప ఇంకేమీ పట్టనట్టు పడుకుని ఉంది.

ఆఫీసరు మామాను చూడనైనా చూడలేదు. అరబ్బీ తెలియని పనిమనిషి అనుకున్నాడు. పోయి జకియా జబ్బ పట్టుకున్నాడు.

"నువ్వు కువైటీవి."

"కాదు, హిందియ్యా! నేను ఇండియన్! అమ్మీ! నయీమ్!" అని ఆ పిల్ల గిలగిలలాడింది. అదీ అరబ్బీలోనే అఘోరించింది, కంగారులో వేరే భాష నోటికి రాలేదు.

"ఇండియన్ అయితే పాస్‌పోర్టు చూపించు."

పాస్‌పోర్టట! మా పాస్‌పోర్టులు మా దగ్గర ఎప్పుడున్నాయి గనక? అన్నీ కఫీళ్ల దగ్గర, మాకు వీసాలిచ్చి పెట్టుకున్న యజమానుల దగ్గర. ఆ కఫీళ్లు సరిహద్దు దాటిపోయారు. మేడమ్ అడ్డం పడింది, "ఇండియన్, ఇండియన్, నేను సాక్ష్యం" అని ఇంగ్లీషులో, హిందీలో అరిచింది. అంతసేపూ నిలకడగా ఉన్న ఆ గొంతు ఇప్పుడు చిట్లిపోయింది. ఒక సైనికుడు ఆవిడని తోసేశాడు. జకియాను గుమ్మం దాకా ఈడ్చుకుపోయారు. నేను మామా వైపు చూశాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు రెండు నోళ్లుండి, ఒకటి లేవవే అని, ఇంకోటి లేవొద్దే తల్లీ అని అరవాలనిపించింది.

మామా కళ్లు తెరిచింది. మేడమ్ చూసింది. కింద పడ్డ చోటు నుంచే పాకి మామా కొంగు పట్టుకుని, "వద్దు. పడుకో" అంది తెలుగులోనే. మామా ఆ వేళ్లు ఒక్కొక్కటే విడిపించింది. లేచి నిలబడింది.

"ఆ పిల్లను వదులు. అది హైదరాబాద్ పిల్ల. నీకు కావలసింది నేను" అంది అరబ్బీలో.

గదిలో ఊపిరి లేదు. సైనికులు కూడా బిత్తరపోయారు. నేత చీర కట్టుకున్న మూగ పనిమనిషి నోట్లోంచి పెద్దింటి కువైటీ అరబ్బీ వస్తే ఎవరికి మతి పోదు? ఆఫీసరు జకియాను వదిలేశాడు. మామా చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత మా అందరి వైపు చెయ్యి చూపించి నెమ్మదిగా అడిగాడు.

"అయితే వీళ్లే నిన్ను దాచారన్నమాట."

అయిపోయాం అనుకున్నాను. మా ఆయన మొహం ఒక్కసారి కళ్ల ముందు కదిలింది. అప్పుడు మామా గిరుక్కున తిరిగి, బుడేన్‌బీ చెంప మీద ఫెడీమని కొట్టింది.

"గాడిదా! నీ వల్లే ఇదంతా!" అని అరబ్బీలో విరుచుకుపడింది. "దాచేదెవరు, ఈ గాడిదలా? ఇది నా పనిమనిషి. నోరెత్తితే నీ ఇఖామా కాగితం చింపేసి ఎడారిలో వదిలేస్తానని బెదిరిస్తే తోడొచ్చింది. వీళ్లకేం తెలుసు? మూగ పేషంటునని చెప్పి చేర్చింది. ఈ మందలో పడుకుని పడుకుని నాకే కంపు కొడుతోంది. పద, ఎక్కడికి తీసుకెళ్తావో తీసుకెళ్లు!" అని బుడేన్‌బీని ఇంకా ఇంకా తిట్టింది, రాయడానికి చెయ్యి రాని తిట్లు తిట్టింది.

ఆఫీసరు పగలబడి నవ్వాడు. "చూశారా, దేశం పోయినా పొగరు పోలేదు" అని తన మనుషులతో అన్నాడు. మా వంక చూసి, బుడేన్‌బీ వంక చూసి జాలిగా తల ఊపాడు కూడా. మామా వాడి ముందు నడుచుకుంటూ దిగిపోయింది. ఆ చీరలోనే, చెప్పులు లేకుండా, ఒక్కసారి కూడా వెనక్కి తిరగకుండా. ట్రక్కు కదిలిన చప్పుడు విన్నాం. ఆమె ఏమైందో ఎవరికీ తెలియలేదు. యుద్ధం అయిపోయాక బుడేన్‌బీ సల్వాకు తిరిగి వెళ్లి ఆ ఇంటి చుట్టాలందరినీ అడిగింది, వాళ్లకూ తెలియదు.

మర్నాడు సాయంత్రం మేడమ్ ఇంటికి వెళ్లాలా వద్దా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. అందరం వెళ్లాం. చాపలు నిన్నటి నుంచి అలాగే పరిచి ఉన్నాయి. మేడమ్ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బిపోయి, జుట్టు దువ్వుకోకుండా, మాకు అన్నాళ్లు ధైర్యం చెప్పిన మనిషేనా అన్నట్టుంది. పాఠం మొదలుపెట్టబోయి ఆగిపోయింది. జకియా వెళ్లి ఆవిడ భుజం మీద తల పెట్టుకుంది.

నాకు మాత్రం కడుపు మండిపోతోంది. ఎవరి మీద మండుతోందో నాకే తెలియక, బుడేన్‌బీ మీదికి పోయాను. "చూస్తివా? ఏడేండ్లు ఊడిగం చేస్తివి. నీ చీర ఇస్తివి, నీ ప్రాణం అడ్డం పెడితివి. పోతా పోతా ఏమిచ్చిపోయ? నలుగుట్లో చెంప పగలగొట్టి, గాడిద అనిపోయ!"

"ముబీనా! నోరు ముయ్యి!" మేడమ్ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. "నీకు అర్థం కాలేదా? మనల్ని తన మనుషులని వాడు అనుకోకూడదని చేసింది. ఆ దెబ్బ కొట్టకపోతే ఇవాళ మనమెవ్వరం ఉండేవాళ్లం కాదు." ఆ మాట అన్నాక తనే భయపడినట్టు బుడేన్‌బీ దగ్గరికి జరిగింది. చెంప మీద చెయ్యి వేసింది. "బుడేన్‌బీ, నువ్వేమీ మనసులో పెట్టుకోకు. ఆవిడ మాటలు నీ కోసం కాదమ్మా, వాడి కోసం. నేను చెబితే నమ్ము. నొప్పి ఉందా ఇంకా?"

నిన్నటి నుంచి ఒక్క మాట మాట్లాడని బుడేన్‌బీ మేడమ్ చెయ్యి మెల్లిగా తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"నొప్పెక్కడిదమ్మా! ఏడేండ్లు ఆ చేతికి పండగ పండక్కీ గోరింటాకు పెట్నా. ఆ చెయ్యి నాకు తెలీదా? దొప్ప మాదిరి వొంచి కొట్టిందమ్మా, చప్పుడే వచ్చ, దెబ్బ తగలనియ్యలే. తిట్టినంతసేపూ ఇంకో చేత్తో నా చెయ్యి పట్టుకోనుండాది, కొంగు కింద. వాడు రమ్మంటే... అప్పుడు ఇడిసిపెట్టింది."